అడగనివాడు నాన్నొక్కడే

ఆ వేసవిలో మా గుమ్మంలో అడుగుపెట్టినవాళ్ళెవరూ నన్ను "బాగున్నావా" అని అడగలేదు. అందరూ "వచ్చిందా?" అనే అడిగారు.

అమ్మకి కొలతలివ్వడానికి వచ్చినావిడ చేతులు చాచి నిలబడి, టేపు భుజం మీద ఉండగానే, "వచ్చిందా?" అంది. పాలు పోసేవాడు గిన్నెలో చూడకుండా నా మొహంలోకి చూస్తూ పోశాడు. పై వాటాలో అద్దెకుండే మావయ్య సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఆయన మాకు చుట్టమేమీ కాదు. వీధిలో ఆ కొస మాట ఈ కొసకి మోస్తాడని మేమే వార్తల మావయ్య అని పేరు పెట్టుకున్నాం. మెట్లు దిగుతూ ఒకసారి, సిగరెట్టు కాల్చుకొచ్చి ఎక్కుతూ ఒకసారి అడిగేవాడు. ఈలోపల ఏం వచ్చేస్తుందని ఆయన ఉద్దేశమో! రాలేదంటే "అయ్యో" అనేవాడు. ఆ అయ్యోలో పావు వంతు జాలి, మిగతాదంతా సంతోషం. నాకు ఒళ్ళు మండిపోయేది.

రావలసింది ఒక ఫోను. ఉపాధ్యాయ శిక్షణ సంస్థ నుంచి. రెండేళ్ళ చదువు. పేరున్న టీచర్ల పక్కన కూర్చోబెట్టి, పిల్లల మధ్యే పని నేర్పిస్తారు. నేర్చుకున్నన్నాళ్ళూ ఎంతో కొంత చేతికిస్తారు. పూర్తయ్యాక ప్రభుత్వ బడిలో పర్మనెంటు ఉద్యోగం. సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇంటర్వ్యూ రోజున వచ్చిన జనం మాత్రం గేటు దాటి, వీధి మలుపు తిరిగి, మందుల షాపు దాకా నిలబడ్డారు.

అప్పటికి నేను ఒక ప్రైవేటు బడిలో నాలుగో తరగతికి తాత్కాలిక టీచర్ని. తాత్కాలికమంటే, ప్రతి వేసవి మొదట్లోనూ ఉద్యోగం పోతుంది, చివర్లో పెద్ద మేడమ్‌కి దయ కలిగితే మళ్ళీ వస్తుంది. బడి ఆవిడదే. మా నాన్న అక్కడ అటెండరు. గదుల తాళాలు తీయడం, గంట కొట్టడం, విరిగిన బెంచీలకి మేకులు దిగ్గొట్టడం అన్నీ ఆయనే. ఆ బడి పిల్లల యూనిఫారాలు కుట్టేది మా అమ్మ. అంటే మా ఇంట్లో ముగ్గురి బతుకూ ఒక్క గేటులోంచే తిరిగేది. ఈ సంగతి మాకంటే ఆవిడకే బాగా తెలుసు.

ఆవిడ ఏం చెప్పినా నాన్న జవాబు ఒకటే: "అలాగేనండి." బెంచీలు మేడ మీదికి ఎక్కించవయ్యా అంటే అలాగేనండి. ఎక్కించాక, అబ్బే బాలేదు, దించెయ్యమంటే అలాగేనండి. ఒకసారి ఆవిడ విసుగొచ్చి "నీకేమైనా మతిపోయిందా?" అంటే దానికీ అలాగేనండి అన్నాడట. ఆ ముక్క స్టాఫ్‌రూములో ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. నేనూ నవ్వేదాన్ని. ఆ వేసవి దాకా.

ఇంటర్వ్యూ బాగానే చేశాను. ముగ్గురు పరీక్షకులు పిల్లల బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్నారు. మేమే పిల్లలం, పాఠం చెప్పు అన్నారు. నాకు భిన్నాలు ఇచ్చారు. అందులో బొజ్జాయన చెయ్యెత్తి, "టీచర్, నాలుగు కన్నా ఎనిమిది పెద్దది కదా, అందుకని పావు వంతు కన్నా ఎనిమిదో వంతే పెద్దది" అన్నాడు. మా క్లాసులో ఏటా ఎవరో ఒకరు అనే మాటే అది. తప్పు అనలేదు నేను. రెండు కాగితాలు తీసి, ఒకటి నాలుగు ముక్కలుగా, ఇంకొకటి ఎనిమిది ముక్కలుగా చింపి, ఆయన ముందు పెట్టాను. "ఇవి రొట్టెలనుకో. ఆకలేస్తోంది. ఏ ముక్క తీసుకుంటావు?" అన్నాను. ఆయన పావు ముక్క మీద చెయ్యి వేసి, నా వైపు చూసి పకపకా నవ్వాడు. పక్కావిడ కూడా నవ్వి ఏదో రాసుకుంది.

బయటికొచ్చాక కళ్ళద్దాల గుమాస్తా ఒకావిడ చెప్పింది. "పనిచేస్తున్నవాళ్ళయితే ముందు మీ బడికి ఫోన్ చేసి, వదులుతారా అని అడుగుతామమ్మా. వాళ్ళు సరేనంటే మీకు చేస్తాం. రెండు వారాలు చూడండి."

నాకేం భయం వేయలేదు. దరఖాస్తు పెట్టే ముందే పెద్ద మేడమ్‌ని అడిగాను. "పెట్టుకో, నాకేం?" అంది. ఎలాగూ రాదనే ధీమాతో అంది. ఆ ధీమా నాకప్పుడు మంచితనంలా కనిపించింది.

ఇక ఎదురుచూపులు. ఇంటి నిండా నీలంగుడ్డ. వేసవి అమ్మకి పంట కాలం. ముందు గదిలో కత్తిరించిన చేతులు ఒక కుప్ప, కాలర్లు ఒక కుప్ప, గుండీలు డబ్బాలో. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోను నాది. దాన్ని మిషను బల్ల మీద పెట్టేవాళ్ళం. అది మోగితే చాలు, అమ్మ చక్రం మీద చెయ్యి వేసి మిషను ఆపేసేది. నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేదాన్ని. తీరా చూస్తే అవతల ఎవరో, "మా అబ్బాయి నిక్కరు వదులు చేశారా?" అనేవాళ్ళు.

"నిక్కరు వదులు చేశాను, వాడి తిండి తగ్గించమను," అనేది అమ్మ కసిగా. 

నాన్నకి ఫోను లేదు. ఉంటే ఆయన ఇంట్లో ఉన్నప్పుడు కూడా పెద్ద మేడమ్ పిలుస్తుందని అమ్మ కొననివ్వలేదు. అందుకని సాయంత్రం ఇంటికి రాగానే, గుమ్మంలో చెప్పులు విడుస్తూ, నావైపు చూసి గడ్డం కొంచెం పైకెత్తేవాడు. వచ్చిందా అని. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయేవాడు. అంతే. నోటితో అడిగితే నాకు బాధని, గడ్డంతో అడిగేవాడు.

రెండో వారంలో అది కూడా మానేశాడు. వచ్చి, చెప్పులు విడిచి, తల వంచుకుని తిన్నగా పెరట్లోకి పోయేవాడు. లోకమంతా నన్ను పొడుచుకు తింటుంటే అడగనివాడు నాన్నొక్కడే. ఎంత సంస్కారమో అనుకున్నాను. అమ్మతో కూడా అన్నాను, "చూడు, నాన్నని చూసి నేర్చుకో" అని.

"మీ నాన్న అన్నం కూడా సరిగ్గా తినట్లేదు. అదీ నేర్చుకోనా?" అంది అమ్మ.

ఆ మాట నాకెక్కలేదు. ఇంకో రోజు నాన్న పెరటి గేటుకి నూనె పెడుతూ, నా వైపు చూడకుండా, "అయిదో తరగతి కూడా నీకే ఇస్తామంటున్నారమ్మా మేడమ్‌గారు" అన్నాడు.

"నాకెందుకు నాన్నా? ఫోనొస్తే నేనుండనుగా."

ఆయన కిర్రుమనని గేటుకి మళ్ళీ నూనె పెట్టాడు.

రెండు వారాలు నెల అయింది. వార్తల మావయ్య అయ్యో అనడం కూడా మానేసి, "పోనీలే, అందరికీ రాసిపెట్టి ఉండాలిగా" అనే దాకా వచ్చాడు. ఇక నేను ఆగలేకపోయాను. పొద్దున్నే బస్సెక్కి ఆ సంస్థకి వెళ్ళాను.

కళ్ళద్దాల గుమాస్తా నన్ను గుర్తుపట్టింది. గుర్తుపట్టి ఆశ్చర్యపోయింది.

"అదేంటమ్మా, మీరు రానన్నారుగా?"

"నేనా? నేనెప్పుడన్నాను?"

"మీ బడికి ఫోన్ చేశాం. మేడమ్‌గారు మాట్లాడారు. అమ్మాయికి వచ్చే ఉద్దేశం లేదు, ఇంట్లో కూడా ఇష్టం లేదు, ఇక్కడే ఉంటుంది అన్నారు. నేను నమ్మలేక రెండోసారి అడిగాను. ఎందుకంటే మీ పేరు మొదటి వరసలో ఉంది." ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "వాళ్ళ నాన్న నా ఎదురుగానే ఉన్నాడు, కావాలంటే వినండి అని, ఆయన్ని అడిగారు. ఆయన అలాగేనండి అనడం నా చెవులారా విన్నాను."

కిటికీ చువ్వ పట్టుకున్నాను.

"నేను వస్తానండి. ఇప్పుడు చెప్తున్నానుగా, నా నోటితో."

"మీరు చెప్పారు, బావుంది. కానీ ఇంట్లో ఒప్పుకోక మధ్యలో మానేసినవాళ్ళతో మేము పడ్డ అవస్థ మీకు తెలీదు. ఆ మాట అన్నవాళ్ళే కాదనాలి. ఆవిడైనా సరే, మీ నాన్నగారైనా సరే. శుక్రవారం దాకా మీ సీటు ఎవరికీ ఇవ్వకుండా ఆపుతాను. అంతకంటే నా చేతుల్లో లేదు."

బస్సులో కూర్చున్నంతసేపూ ఒకటే ఆలోచన. పాఠం చెప్పింది నేను. బొజ్జాయన్ని నవ్వించింది నేను. మొదటి వరసలో నిలబడింది నేను. నా గురించి ఊళ్ళో ఎవరు చెప్పినా చెల్లుతుంది, నేను చెప్తే మాత్రం చెల్లదు! పెద్ద మేడమ్ మీద కోపం సరే. ఆవిడ కన్నా ఎక్కువ కోపం నాన్న మీద వచ్చింది. ఇన్ని రోజులు నా ఎదురుగా తిరుగుతూ, నేను ఫోను కోసం పరిగెడుతుంటే చూస్తూ ఊరుకున్నాడు. దాన్ని నేను సంస్కారమనుకున్నాను.

సాయంత్రం ఆయన గుమ్మంలో చెప్పులు విడుస్తుంటేనే అడిగేశాను.

"అన్నావా నాన్నా?"

దేని గురించని ఆయన అడగలేదు. "అన్నానమ్మా," అన్నాడు.

మిషను ఆగిపోయింది.

"ఎందుకన్నావు?"

"ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నారు. నేను బీరువా మీద దుమ్ము దులుపుతున్నాను. ఏమయ్యా, మీ అమ్మాయి ఎక్కడికీ వెళ్ళదు, ఇక్కడే ఉంటుందిగా అన్నారు. నోరు దానంతటదే అనేసింది." ఆయన ఇంకా గుమ్మం బయటే ఉన్నాడు. "స్టోరు గదిలోకెళ్ళి గుడ్డ దులుపుకుంటుంటే అప్పుడు తట్టింది, అది నీ ఫోనని. వెనక్కి వెళ్ళాను. అప్పటికే పెట్టేశారు."

"పెట్టేస్తే? అడగొచ్చుగా ఆవిడని! నాకు చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను? ఈ కాళ్ళతోనే వచ్చేవాణ్ణి చెబుదామని. గుమ్మం దాకా వచ్చేసరికి నువ్వు ఎదురుగా నిలబడేదానివి."

నేను ఎన్ని మాటలన్నానో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. బానిస బతుకని అన్నాను, నీ నోరు నీది కాదు అన్నాను, ఇంకా అన్నాను. ఆయన అన్నీ విన్నాడు. అలాగే అని కూడా అనలేదు.

అమ్మ లేచి, ఒళ్ళో గుడ్డముక్కలు దులుపుకుంది. "ఆవిడ కొలతలు నాకు తెలుసు. నోరు నలభై రెండు, మనసు పద్దెనిమిది," అంది. తర్వాత నాన్న దగ్గరికి వెళ్ళి నిలబడింది. "ఏవండీ. గంట కొట్టమంటే కొట్టండి, బెంచీలు మొయ్యమంటే మొయ్యండి. పిల్లని కూడా మోసుకెళ్ళి అక్కడ పెట్టి రమ్మని ఎవరన్నారు మిమ్మల్ని?"

ఆ రాత్రి ఎవరం అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున నాన్నా నేనూ కలిసి బడికి వెళ్ళాం. పెద్ద మేడమ్ గదిలో ఫ్యాను కింద కూర్చుని అడ్మిషన్లకి వచ్చినవాళ్ళని పంపించి, నన్ను చూసి నవ్వింది. ఎంత చక్కగా నవ్విందంటే, నేను పొరపాటు పడ్డానేమో అనిపించింది.

"నీ మంచికే చెప్పానమ్మా. అక్కడ రెండేళ్ళు కూర్చుని కొత్తగా నేర్చుకునేదేముంది? నువ్వు ఇప్పటికే బ్రహ్మాండమైన టీచర్‌వి. నాలుగో తరగతి తల్లులందరూ నీ పేరే చెప్తారు. నువ్వెళ్తే నేనెవర్ని తేను?"

అన్నేళ్ళూ ఆ బడిలో పనిచేసి, నేను మంచి టీచర్నని ఆవిడ నోట వినడం అదే మొదటిసారి. అది కూడా నన్ను కదలకుండా కట్టేయడానికి. బ్రహ్మాండమైన టీచర్నట! బ్రహ్మాండమైన టీచర్ని ప్రతి వేసవీ ఇంటికెందుకు పంపించినట్టు?

"మరి ఆ మాట నన్నడిగి చెప్పాల్సింది మేడమ్," అన్నాను.

"అదిగో, అదే వద్దు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను నిన్ను. మీ నాన్న, మీ అమ్మ, నువ్వు, అందరూ నా మనుషులే అనుకుంటున్నాను. కాదంటావా?" ఆ చివరి మాటలో నవ్వు లేదు. వెంటనే నాన్న వైపు తిరిగింది. "ఏమయ్యా, నువ్వయినా చెప్పు దానికి. ఇక్కడే ఉంటుందిగా?"

నాన్న తలుపు దగ్గర నిలబడ్డాడు, ఎప్పుడూ నిలబడే చోటే. ఆయన పెదవులు కదలడం చూశాను. ఆ మాట ఎలా మొదలవుతుందో నాకు తెలుసు. నేను కళ్ళు మూసుకున్నాను.

"ఉండదండి," అన్నాడు నాన్న.

ఫ్యాను తిరుగుతోంది. ఆవిడకి సరిగ్గా వినిపించలేదేమో, "ఏంటీ?" అంది.

నాన్న నెమ్మదిగా వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. ఆ బల్ల మీద ఫోనుని ఆయన రోజూ తుడుస్తాడు. తుడవడమే తప్ప చెవికి పెట్టుకుని ఎరగడు. దాన్నెత్తి, "నంబరు చెప్పమ్మా," అన్నాడు నాతో. నేను చెప్తుంటే ఒక్కో అంకె గట్టిగా నొక్కాడు, గోడలోకి మేకు దింపుతున్నట్టు. పెద్ద మేడమ్ కుర్చీలోంచి లేచింది గానీ ఏమీ చేయలేదు. అంతటి మనిషికి ఆ క్షణంలో ఏం చెయ్యాలో తోచలేదు.

"నేనండి, అమ్మాయి తండ్రిని. ఆవేళ అలాగేనండి అన్నది నేనే. అది అబద్ధమండి. మా అమ్మాయి వస్తుంది. ఇంట్లో మాకు ఇష్టమే. చాలా ఇష్టమండి."

గుమాస్తా అవతల ఏదో అడిగింది. "కాదండి" అన్నాడు. ఇంకేదో అడిగింది. "లేదండి, కుదరదండి" అన్నాడు. అన్నేళ్ళుగా వాడని మాట ఒక్కసారి నోట్లో పడేసరికి ఇక ఆపుకోలేకపోతున్నాడు. నేను ఫోను లాక్కున్నాను. తీరా చూస్తే, పాపం ఆవిడ అడిగింది అమ్మాయి పక్కన ఉందా, ఒక్కసారి ఇస్తారా అనట.

కమిటీ ముందు పెడతానంది. మళ్ళీ ఎదురుచూడమంది.

ఆ మధ్యాహ్నమే బడి నుంచి ఆయా వచ్చింది, కుట్టని గుడ్డంతా వెనక్కి పంపమన్నారని. ఇంకో టైలరుకి ఇస్తారట. అమ్మ మారుమాట లేకుండా, కత్తిరించినవీ కత్తిరించనివీ కలిపి మూటలు కట్టింది. "ఏ చెయ్యి ఏ చొక్కాదో నేను సుద్దతో గుర్తులు పెట్టుకున్నాను. నా గుర్తులు నాకే అర్థమవుతాయని చెప్పు మీ మేడమ్‌కి," అంది. బడి తెరిచిన రోజున సగంమంది పిల్లలు రంగు చొక్కాల్లో వచ్చారు. ఆ సంతోషం ఎంత ఉన్నా, ఖాళీ అయిన ముందు గదిని చూస్తే భయం వేసేది. పంట కాలంలో పొలం ఎండిపోయినట్టే కదా.

నాన్నని మాత్రం తీసెయ్యలేదు. బడిలో ముప్పై తలుపులు, ఆయన నడుముకి ఒక పెద్ద తాళాల గుత్తి. దేని మీదా గుర్తు లేదు. ఏది దేనిదో ఆయన చేతులకే తెలుసు. అందుకని ఆవిడ ఆయనతో మాట్లాడటం మానేసి, ఆయాతో చెప్పించేది.

ఫోను చేసిన ఆ వారమంతా నాన్న రోజూ అడిగాడు. గుమ్మంలో నిలబడి, గడ్డం పైకెత్తి. నేను ఆయన మీద కోపంగానే ఉన్నాను. అయినా తల అడ్డంగా ఊపేదాన్ని.

ఒకరోజు నిలువుగా ఊపాను.

ఆయన ఒక చెప్పు విడిచి, ఒక చెప్పుతో అలాగే నిలబడిపోయాడు. అమ్మ ఏడుస్తూనే వెళ్ళి, వార్తల మావయ్యకి బాగా వినిపించాలని కిటికీ రెక్కలు రెండూ తెరిచి, మళ్ళీ మొదట్నుంచి ఏడ్చింది.

నేను చేరడానికి ముందురోజు నాన్న ఇంటికొస్తూ చంకలో ఒక పెద్ద చుట్ట తెచ్చాడు. ముందు గదిలో నేల మీద పరిచాడు. బ్యానరు. అందులో పెద్ద మేడమ్ తలకాయ తలుపంత ఉంది. కింద మూలన, స్టాఫ్ ఫొటోలోంచి కత్తిరించిన నా మొహం అరచేతంత ఉంది. "మా బడి తీర్చిదిద్దిన ఆణిముత్యం" అని పైన. "నన్ను వెన్ను తట్టి పంపించిన మేడమ్‌గారికి నా కృతజ్ఞతలు" అని కింద, నేనే అన్నట్టు.

మళ్ళీ నా నోటితో ఆవిడే మాట్లాడింది! "సిగ్గులేదా ఆవిడకి? చింపెయ్యి నాన్నా దాన్ని!"

"గేటుకి కట్టమన్నారు," అన్నాడు నాన్న.

"మీరేమన్నారు?" అంది అమ్మ.

"కట్టనన్నాను."

అమ్మ వంగి, బ్యానరు అంచుని రెండు వేళ్ళతో నలిపి చూసింది. "గట్టి గుడ్డే. వాన నీరు దిగదు," అంది. కత్తెర తెచ్చి, మూలన నా బొమ్మ ఉన్నంత మేరా కత్తిరించి అల్మారాలో పెట్టింది. మిగతాది తిరగేసి, మేడమ్ మొహం లోపలికొచ్చేలా మిషను మీద కప్పి, నాలుగు పక్కలా సర్దింది. కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

అప్పుడు చూసింది నాన్న నడుము వైపు.

"తాళాలేవండీ?"

"బల్ల మీద పెట్టొచ్చాను."

కుట్టుపని పోయింది, ఇప్పుడిదీ పోయింది. నేను వెళ్ళనని అందామా అన్నంత భయం వేసింది నాకు. అమ్మ అదంతా మింగి, "మరి రేపు పొద్దున తలుపులెవరు తీస్తారు?" అని మాత్రం అడిగింది.

"ఆవిడే తీసుకుంటారు."

"ఏ తాళంచెవి దేనికో ఆవిడకి తెలుసా?"

"తెలీదు," అన్నాడు నాన్న. కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. నీళ్ళ చప్పుడులోంచి ఆయన నవ్వడం వినిపించింది. ఆ వేసవి మొత్తానికి అదే మొదటిసారి.